పుష్పలీల పసుపు కాగితాలు

పుష్పలీలకు ఈ దేశంలో టీచరు హోదా ఎందుకు రాలేదని అడిగితే మా స్కూల్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఆమె యాస అర్థం కాలేదంటారు కొందరు. క్లాసు మొండిఘటాల క్లాసంటారు ఇంకొందరు. ఇవన్నీ అబద్ధాలు. ఆమె కొంప ముంచినవి ముప్పై రెండు పసుపు కాగితాలు. వాటికి వారం వారం నా చేత్తో చిల్లులు పొడిచి ఫైల్లో పెట్టినదాన్ని నేను, కాబట్టి నాకు తెలుసు.

నా పేరు కనకదుర్గ, మాది గుడివాడ. ఇంగ్లీషువాళ్ల దేశంలో, ఎయిర్‌పోర్టు పక్కనున్న హేస్ అనే ఊళ్లో ఒక సెకండరీ స్కూలు ఆఫీసులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. పిల్లల హాజరు, టీచర్ల డైరీలు, మీటింగుల్లో మినిట్స్ రాయడం నా పనులు. నా కుర్చీకి ఎదురుగా గాజు కిటికీ, దాని అవతల పై అంతస్తుకు వెళ్లే పెద్ద మెట్లు. నా కంట పడకుండా ఆ స్కూల్లో ఎవరూ ఎక్కలేరు, దిగలేరు. నాకు నోరు పెద్దదని మా ఆయన అంటాడు. పెద్దదే. ఒక్కరోజు దాని అవసరం పడింది, ఆ రోజు మాత్రం అది పెగల్లేదు.

పుష్పలీలది హుజూరాబాద్. ఎమ్మెస్సీ లెక్కలు, బీఎడ్. అక్కడి హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పింది. ఆమె బజారుకు వెళితే కూరలమ్మే మనిషి కూడా తూకం దగ్గర లేచి నిలబడి "టీచరమ్మా" అనేదట, వాళ్ల పిల్ల ఆమె దగ్గరే పదో తరగతి గట్టెక్కింది మరి. భర్త కిషన్‌రావుకు మా పక్క ఊరు స్లౌలో ఉద్యోగం వచ్చి, 2001లో కూతురు నిఖితతో సహా ఈ దేశం వచ్చారు. ఇక్కడ ఆమె బీఎడ్ పట్టా చూసి అందరూ చాలా బాగుందన్నారు. బాగుందని తిరిగి చేతిలో పెట్టారు.

మొదటి ఏడాదిన్నర ఆమె విమానాల్లో ఇచ్చే భోజనం ట్రేలు సర్దింది. ఒక చెంచా, ఒక ఫోర్కు, ఒక ఉప్పు పొట్లం, ఒక మిరియాల పొట్లం.

"గంటకు ఎన్ని ట్రేలైతున్నయో మనసుల లెక్క కట్టేదాన్ని అక్కా. గా రోజులల్ల నాకు మిగిలిన లెక్కలు గంతే" అని నవ్వుతూ చెప్పేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

2003లో మా స్కూలుకు టీచింగ్ అసిస్టెంటుగా వచ్చింది. అంటే క్లాసులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని, టీచరు చెప్పింది మళ్లీ మెల్లగా చెప్పడం. ఒకసారి కొత్త టీచరొకడు బోర్డు మీద భిన్నాల భాగహారం తలకిందులుగా చేశాడు. పుష్పలీల తల దించుకుని, తన పక్క పిల్లాడి నోటుబుక్కులో మాత్రం సరైనది రాయించింది. టీచరుకు చెప్పలేదేం అని అడిగాను. "క్లాసుల సారు మాట తీసేస్తె పిల్లలు సారును లెక్కచేస్తరా అక్కా?" అంది. ఇదీ ఆమె స్వభావం. అప్పుడు నాకు ఎంతో ముచ్చటేసింది.

2005లో జీటీపీ అనే టీచరు ట్రైనింగ్ దారి తెరుచుకుంది. అప్పటికి అది మొదలై కొన్నేళ్లయింది కానీ, మా స్కూలుకు లెక్కల టీచర్లు దొరక్క చచ్చిపోతుంటే అప్పుడు గుర్తొచ్చింది. దీనికి కాలేజీకి వెళ్లనక్కర్లేదు. స్కూల్లోనే ఉద్యోగం చేస్తూ, అనుభవమున్న ఒక టీచరు చేతి కింద ఏడాది పాఠాలు చెప్పాలి. ఆ పెద్ద టీచరును మెంటర్ అంటారు. మెంటర్ వారానికో పాఠం వెనక కూర్చుని చూడాలి, తర్వాత కూర్చోబెట్టి మంచీచెడూ చెప్పాలి, అది కాగితం మీద పెట్టాలి. ఏడాది చివర బయటి నుంచి ఒక అధికారి వచ్చి ఒక పాఠమూ ఆ ఫైలూ చూస్తాడు. సరేనంటే క్వాలిఫైడ్ టీచరు హోదా. కాదంటే పదకొండేళ్ల సుద్దముక్క మళ్లీ గంగలో కలిసినట్టే.

ఎంపికైన మర్నాడు పుష్పలీల నా బల్ల మీద వేడివేడి సర్వపిండి డబ్బా పెట్టింది.

"ఉప్పు ఎక్కువైందేమో అక్కా, ఏదో చేసిన."

"అబ్బే, ఎక్కడే? నాలుగు రోజులు తిన్నా మొహం మొత్తదు!" అన్నాను.

ఉప్పు సరిగ్గానే ఉందని ఆమెకు తెలుసు. సరిగ్గా ఉందని నేను అంటానని కూడా తెలుసు. మనవాళ్లలో ఎవరి వంట వాళ్లు పొగుడుకోరు. చేసినవాళ్లు తగ్గించి చెప్పాలి, తిన్నవాళ్లు కాదు కాదని ఎత్తాలి. ఈ మర్యాద మనకు ఉగ్గుపాలతో వస్తుంది. ఈ దేశంలో "ఉప్పెక్కువైందేమో" అంటే "అయ్యో, అవునా?" అని పళ్లెం పక్కన పెడతారు. ఇన్నేళ్లు ఇక్కడ బతికి ఆ ముక్క నాకు బాగా తెలుసు. తెలిసీ చేశాను చేసిన పని.

ఆమె మెంటర్ మిసెస్ హార్డింగ్, లెక్కల విభాగానికి పెద్ద. చెడ్డ మనిషని చెప్పను, చెప్పడానికి నోరూరుతున్నా చెప్పను. అందరినీ "లవ్" అని పిలుస్తుంది, ఎప్పుడూ పరిగెడుతూ ఉంటుంది. స్కూలు తెరిచిన మొదటి సోమవారం సెప్టెంబరు ఐదు. మనకు టీచర్స్ డే. పుష్పలీల పట్టుచీర కట్టి, ఒక గులాబీ, ఒక పెన్ను తీసుకుని వెళ్లి హార్డింగ్ చేతికిచ్చి నమస్కారం పెట్టింది. "ఇవాళ నా పుట్టినరోజని ఎవరు చెప్పారు?" అని ఆవిడ పకపకా నవ్వింది. ఆ పెన్ను తర్వాత ఏడాదంతా ఆవిడ చేతిలోనే చూశాను. ఆ పసుపు కాగితాల మీద సంతకాలన్నీ దానితోనే పెట్టింది.

రెండో వారం పుష్పలీల ఒక పసుపు కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మెంటర్ నింపాల్సిన కాగితం. ఒక్కో నైపుణ్యానికి ఎదురుగా మూడు గడులు: సాధించారు, సాధిస్తున్నారు, ఇంకా సాధించలేదు. కింద నాలుగు లైన్ల ఖాళీ.

"మేడంకు టైము లేదంట అక్కా. నువ్వే నింపుకొచ్చెయ్, నేను సంతకం పెడ్తనన్నది. నా గురించి నేనేం రాసుకోవాలె? చెప్పరాదు."

నేనప్పుడు హాజరు పట్టీ మీద ఉన్నాను. తల కూడా ఎత్తలేదు. చాలా తెలిసినదానిలా చెప్పాను: "గురువుగారు సంతకం పెట్టే కాగితం మీద మన డబ్బా మనమే కొట్టుకుంటామేంటి? ఏం బాగుంటుంది? తగ్గించి రాయి. ఆవిడ చదివి, అదేంటమ్మా బాగానే చెబుతున్నావుగా అని తనే దిద్దుతుంది. అప్పుడు దానికో విలువ."

"నేనూ గట్లనే అనుకున్న" అని వెళ్లిపోయింది. నేను మళ్లీ హాజరు పట్టీలో పడ్డాను. ఆ సలహాకు నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

హార్డింగ్ చదవలేదు. ఆ వారమూ చదవలేదు, ఏ వారమూ చదవలేదు. నడుస్తూ నడుస్తూ గోడకు ఆనించి సంతకం గీకేది. పాఠం చూడటానికని ప్రతి మంగళవారం మూడో పీరియడ్ ఆవిడ డైరీలో నేనే రాసిపెట్టేదాన్ని. ప్రతి మంగళవారం పొద్దున్నే వచ్చి, "కనకా, ఆ గంట దేనికైనా వాడుకుంటాను, పుష్ప బాగానే ఉంటుంది" అనేది. నేను పుష్ప పేరు కొట్టేసి అక్కడ ఇంకో మీటింగు రాసేదాన్ని. ఆ డైరీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఏడాది మొత్తం మీద హార్డింగ్ ఆ క్లాసులో అడుగు పెట్టింది రెండుసార్లు. ఒకటి ఫైర్ అలారం రోజున.

పుష్పలీలకు ఇచ్చింది తొమ్మిదో ఏడు తరగతిలో ఐదో సెట్టు. అంటే లెక్కల్లో అందరికంటే అడుగున ఉన్నవాళ్లు. అంతకుముందు ఏడాది ఆ పిల్లలకు నలుగురు టీచర్లు మారారు. మొదటి నెల పిల్లలు ఆమె మాటను వెక్కిరించారు, రబ్బర్లు విసిరారు. ఆమె గొంతు ఎత్తలేదు. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి బోర్డు మీద రోజుకో లెక్క రాసి పెట్టేది. అవి ఆ పిల్లలు రోజూ చూసే లెక్కలు. 140 బస్సు ఎన్నింటికి వస్తుంది, ఎంత ఆలస్యమైంది, స్కూలుకు చేరేసరికి ఎంతవుతుంది. ఎవడైనా ఆలస్యంగా వస్తే తిట్టేది కాదు. ఆలస్యాన్ని బోర్డు మీద వాడి చేతే కట్టించేది.

నవంబరులో ఒక గురువారం జరిగింది నేను కళ్లారా చూశాను. మైనస్ లెక్కలు ఆ పిల్లల బుర్రకెక్కడం లేదు. పుష్పలీల క్లాసు మొత్తాన్ని బయటికి తెచ్చి నా కిటికీ ముందరి మెట్ల మీద నిలబెట్టింది. మధ్యలో మలుపు తిరిగే చోట సుద్దతో సున్నా రాసింది. పైకి ఒకటి, రెండు, మూడు. కిందికి మైనస్ ఒకటి, మైనస్ రెండు. వాళ్లలో సగం మంది తల్లిదండ్రులు ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లే, కార్ పార్కుల్లో నేల కింద అంతస్తులు వాళ్లకు కొత్త కాదు. "మైనస్ మూడు మీద నిలబడ్డావు, ఐదు మెట్లు ఎక్కు. ఎక్కడున్నావు?" పిల్లలు ఎక్కుతూ దిగుతూ, తప్పయితే ఒకళ్లనొకళ్లు చొక్కా పట్టి లాగుతూ, అరుస్తూ. లీ అనే ఒక కుర్రాడు, హెడ్ మాస్టరు గది బయట కూర్చోవడమే వాడి చదువు, వాడు మైనస్ నాలుగు మీద నిలబడి "మిస్, మైనస్ నాలుగులోంచి మైనస్ ఆరు తీసేస్తే వెనక్కి తిరిగి ఎక్కాలి కదా!" అని కేక పెట్టాడు. పుష్పలీల మొహం ఆ క్షణాన నేను మరిచిపోలేను. పదకొండేళ్ల హుజూరాబాద్ అంతా ఆ మొహంలో ఉంది. నేను ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా చూస్తూ కూర్చున్నాను.

ఆ శుక్రవారం ఆమె తెచ్చిన పసుపు కాగితం మీద ఏముందో చిల్లులు పొడుస్తూ చదివాను. "పిల్లలను అదుపులో ఉంచడం: ఇంకా సాధించలేదు. మెట్ల దగ్గర గొడవ ఎక్కువైనది. నాకు నేర్చుకోవలసినది చాలా ఉన్నది." కింద హార్డింగ్ సంతకం, ఆ పెన్నుతోనే.

చదివి నేనేమనుకున్నానో తెలుసా? ఎంత వినయమో అనుకున్నాను. మన ఆడపిల్ల అని మురిసిపోయాను. ఫైల్లో పెట్టేసి టీ తాగడానికి వెళ్లాను.

డిసెంబరులో ట్రైనింగ్ వాళ్ల తరఫున ఒకావిడ వచ్చింది. ఇరవై నిమిషాలు కూర్చుని, వారానికో కాగితం ఉందా, సంతకం ఉందా అని లెక్కపెట్టుకుని, ఫైలు చాలా నీటుగా ఉందని నన్ను మెచ్చుకుని పోయింది. ఆ ఏడాది ఆ ఫైలుకు దక్కిన మెప్పు అదొక్కటే, అదీ నా చిల్లులకు.

జూన్ మొదట్లో అధికారి వచ్చాడు. కాల్విన్ అని, నెమ్మదైన ముసలాయన. పుష్పలీల పాఠం చూశాడు. తర్వాత హెడ్ మాస్టరు గదిలో ఆయనా, హార్డింగూ, పుష్పలీలా కూర్చున్నారు. మినిట్స్ రాయడానికి మూలన నేను. పుష్పలీల ఆ రోజు కూడా సెప్టెంబరులో కట్టిన పట్టుచీరే కట్టుకుని వచ్చింది.

"ఇవాళ పాఠం నాకు నచ్చింది, నిజంగా నచ్చింది" అన్నాడు కాల్విన్. "కానీ ఇది ఒక్క పాఠం. ఇక్కడ ముప్పై రెండు వారాల కాగితాలున్నాయి. ఒక్క దానిలోనూ 'సాధించారు' గడిలో టిక్కు లేదు. ఈ రెండింటికీ పొంతన కుదరడం లేదు." ఆయన పుష్పలీల వైపు తిరిగాడు. "ఇది మీ చేతిరాతే కదా? మీ గురించి ఇది సరైన అంచనా అని మీరు ఒప్పుకుంటారా?"

పుష్పలీల ఆయన వైపు చూడలేదు. హార్డింగ్ వైపు చూసింది. ఎందుకు చూసిందో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. సర్వపిండి డబ్బా మూత తీసి నా వైపు చూసినట్టు చూసింది. పెద్దావిడ ఇప్పుడంటుంది, కాదు కాదు, ఈ పిల్ల బాగా చెబుతుంది, మొహమాటానికి అలా రాసింది అని ఆమె ఆశ.

"నేను నేర్చుకోవలసినది చాలా ఉంది సార్" అంది పుష్పలీల.

కాల్విన్ హార్డింగ్‌ను అడిగాడు. "మీరు ప్రతివారం పాఠం చూసి సంతకం పెట్టారు. మీ అభిప్రాయం?"

హార్డింగ్ పెన్ను అటూ ఇటూ తిప్పింది. బాగా చెబుతుందంటే, మరి ఇలాంటి కాగితాల మీద సంతకాలెందుకు పెట్టావంటారు. చదవలేదంటే, పాఠాలైనా చూశావా అంటారు. ఆవిడ మొహంలో ఆ లెక్క నడవడం నాకు కనిపించింది. లెక్కల టీచరు కదా, తొందరగానే తేలింది.

"పుష్ప తన గురించి తాను చాలా నిజాయితీగా ఉంటుంది" అంది మెల్లగా. "ఆమెలో నేను ఎప్పుడూ గౌరవించేది అదే."

పుష్పలీల కళ్లు దించుకుంది. అప్పుడు ఆ గదిలో నేను నోరు విప్పాలి. నా సొరుగులో డైరీ ఉందని, ముప్పై మంగళవారాలు పేరు కొట్టేసింది నేనేనని, మెట్ల మీది పాఠం నేను చూశానని, ఆ గడుల్లో అలా పెట్టమన్నది కూడా నేనేనని చెప్పాలి. నాలుగే నాలుగు వాక్యాలు. హార్డింగ్ ఒక్కసారి నా వైపు చూసింది. నా కాంట్రాక్టు ఆగస్టులో మళ్లీ రాయాలి, రాసే కమిటీలో ఆవిడుంది. నేను తల వంచుకుని "నిజాయితీగా ఉంటుంది" అని మినిట్స్‌లో రాశాను. మాట పొల్లుపోకుండా రాశాను.

హోదాకు సిఫారసు చేయలేమని జూలైలో ఉత్తరం వచ్చింది. మళ్లీ ప్రయత్నించాలంటే ఇంకో స్కూలు తీసుకోవాలి. ఫైల్లో తన చేత్తోనే చేతకాదని ముప్పై రెండుసార్లు రాసుకున్న మనిషిని ఎవరు తీసుకుంటారు? ఆ సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపింది పుష్పలీల. ఏడవలేదు.

"మేడం ఒక్కసారన్న కాదంటదనుకున్న అక్కా. ఒక్కసారి."

నేను ఆమె చెయ్యి పట్టుకుని, పోనీలే, అంతా మన మంచికే అనో ఏదో అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదది, కాలింది ఆమె చేతులు.

సెప్టెంబరులో ఆమె మళ్లీ టీచింగ్ అసిస్టెంటు. అదే పిల్లలు ఒక ఏడు పెద్దయ్యారు, ఆమె లీ పక్కన చిన్న కుర్చీలో కూర్చుంది. "మిస్, మీరెందుకు ముందు నిలబడటం లేదు?" అని వాడు అడిగితే ఏం చెప్పిందో నాకు తెలియదు. జీటీపీకి కొత్తగా ఒక అబ్బాయి వచ్చాడు, ఇరవై మూడేళ్లవాడు. హార్డింగ్ పుష్పలీలను పిలిచి, ఆ మెట్ల పాఠం ఈ అబ్బాయికి కాస్త చూపించు లవ్, అంది. ఆ మెట్లు ఆవిడకు ఎలా తెలుసో, చూడనే లేదుగా! పుష్పలీల సుద్దముక్క తీసుకుని వెళ్లి చూపించింది. ఆ శుక్రవారం అతని పసుపు కాగితం నా దగ్గరికి వచ్చింది. అన్నీ "సాధించారు" గడిలోనే. "కొత్త పద్ధతిలో మెట్ల మీద రుణ సంఖ్యలు బోధించి అద్భుత ఫలితాలు సాధించాను" అని అతని చేతిరాత. కింద హార్డింగ్ సంతకం, చదవకుండానే. నేను చిల్లులు పొడిచాను.

ఆ తర్వాత రెండు నెలలు నేను పుష్పలీల వాళ్లింటికి వెళ్లలేదు. నవంబరులో ఒక ఆదివారం తనే ఫోన్ చేసి భోజనానికి రమ్మంది. కిషన్‌రావు ఊళ్లో లేడు. నిఖిత పలకరించి, "హాయ్ ఆంటీ, మమ్ హాజ్ మేడ్ లోడ్స్" అని టీవీ ముందుకు వెళ్లింది. గది మూలన, మొన్నటి దాకా లెక్కల పుస్తకాలున్న అలమరలో ఇప్పుడు నిఖిత బూట్లున్నాయి. పుస్తకాలేవని అడగలేదు.

పుష్పలీల వడ్డించింది. బెండకాయ పులుసు, పప్పు, అన్నం. ఉప్పెక్కువైందేమో అనలేదు. నేను రెండు ముద్దలు తిని ఆపాను. ఇన్ని నెలలు మోసింది ఇక మోయలేననిపించి చెప్పేశాను. డైరీ సంగతి చెప్పాను. ఆ గదిలో నోరు మూసుకున్న సంగతి చెప్పాను. నా కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"తగ్గించి రాయమని నీకు చెప్పింది నేను. చెప్పాల్సిన చోట చెప్పనిదీ నేనే. తప్పంతా నాదే పుష్పా."

అని, ఆగాను. ఎందుకు ఆగానో ఆగిన తర్వాత నాకే తెలిసింది. కాదు కాదు అక్కా, అదేం మాట, నువ్వేం చేస్తవు అంటుందని. ఎవరింట్లోనైనా ఎవరైనా అనే మాటే అది. ఆమె నోటి నుంచి అది రావడం కోసం చెయ్యి కంచంలోనే పెట్టుకుని ఎదురుచూశాను.

పుష్పలీల గరిటె గిన్నెలో పెట్టి నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, బోర్డు మీద లెక్క సరిచూసుకున్నట్టు చూసింది.

"అవునక్కా, నీదే" అంది. "పులుసు ఇంకొంచెం వెయ్యాల్నా?"